లాల్‌బాగ్‌కి పూల కోసం వెళ్లకండి

(బెంగుళూరులో తెలుగు కుటుంబాల నెలవారీ కలయికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను. ఇక్కడున్నవాళ్లలో ఈ ఊరి లాల్‌బాగ్ తోట చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్క చెయ్యీ లేవలేదు. సరే. ఫ్లవర్ షో లేని రోజున చూసినవాళ్లు? ఆ, ఇప్పుడు లెక్క తేలింది. ఏడెనిమిది మంది. అందులో ముగ్గురు రోజూ వాకింగ్‌కి వెళ్లేవాళ్లు, వాళ్ల సంగతి నాకు తెలుసు. వాళ్లు చెట్లు చూడరు, చేతి వాచీలో ఎన్ని అడుగులయ్యాయో చూసుకుంటారు. (నవ్వులు)

నేనేమీ తక్కువ తినలేదు లెండి. ఈ ఊరొచ్చిన చాలా ఏళ్ల వరకు నాకూ లాల్‌బాగ్ అంటే ఫ్లవర్ షోనే. ఇంటికి చుట్టాలొస్తే ఇస్కాన్ గుడి, విధాన సౌధ, లాల్‌బాగ్. ఆ లిస్టు మన అందరి ఇళ్లలోనూ ఒకటే కదా.

ఓసారి కదిరి నుంచి మా పెద్దమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. ఆగస్టు పదిహేను సెలవు కలిసొచ్చింది కదా అని లాల్‌బాగ్ ఫ్లవర్ షోకి తీసుకెళ్లాను. టికెట్ లైన్లో గంట. షో జరిగే గాజింటి (గ్లాస్ హౌస్) ముందు ఇంకో గంట. లోపల పూలతో ఏదో పెద్ద కట్టడం చేశారు. అదేమిటో ఆవిడకి కనపడలేదు, ముందంతా ఫోన్లు పట్టుకుని పైకెత్తిన చేతులే. ఎలాగో బయటపడి మెయిన్ గేటు వైపు వచ్చి ఒక బెంచీ మీద కూలబడింది. నీళ్లు తాగింది. నా మొహం చూసి, "ఏమిరా, పూలు చూపిస్తానని పిలుచుకొచ్చి జనాన్ని చూపించినావు" అంది.

నాకు సిగ్గేసింది. ఊరు ఊరంతా వచ్చే రోజున, నడవలేని మనిషిని తీసుకెళ్లడం నా తెలివితక్కువే. ఆవిడ మాత్రం ఆ మాటని అక్కడితో వదిలేసి, ఎదురుగా ఉన్న బండ వైపు చూస్తూ ఉంది. కాసేపయ్యాక, "అదేందిరా, మన ఊరి బండ మాదిరి ఉంది?" అంది.

ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాటలోంచి పుట్టింది.

మెయిన్ గేటు లోంచి అడుగుపెట్టగానే ఎదురుగా కనపడుతుంది ఆ బండ. పిల్లలు ఎక్కి దిగుతుంటారు, జంటలు సెల్ఫీలు దిగుతుంటాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్లు అక్కడ ఒక ఫలకం పెట్టారు. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారని, ఆ శిల వయసు 300 కోట్ల ఏళ్లని అందులో రాసి ఉంటుంది. ఆ ఫలకం ముందు నిలబడి చదివేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సున్నాలు ఎక్కువైతే మన బుర్ర ఎలాగూ ఆగిపోతుంది కాబట్టి ఇలా చెబుతాను. భూమి పుట్టి సుమారు 450 కోట్ల ఏళ్లు. హిమాలయాలు లేవడం మొదలై ఓ అయిదు కోట్ల ఏళ్లు. ఈ బండ తయారైన నాటికి భూమి మీద గడ్డిపోచ లేదు, చీమ లేదు, చేప లేదు. కంటికి కనపడని సూక్ష్మజీవులు నీళ్లలో ఉన్నాయి, అంతే.

దీన్ని పెనిన్సులర్ నైస్ అంటారు, అంటే ద్వీపకల్పపు చారల రాయి. మైసూరు సంస్థానపు భూగర్భ శాఖలో పనిచేసిన డబ్ల్యూ.ఎఫ్. స్మీత్ 1916లో ఆ పేరు పెట్టాడు. పేరు పెద్దది గానీ చూడడం తేలిక. పొద్దున ఎండ ఏటవాలుగా పడే వేళ వంగి చూడండి. నల్ల చార, పక్కనే తెల్ల చార, మధ్యమధ్య లేత గులాబీ రంగు. కొన్నిచోట్ల చారలు తిన్నగా పోతాయి. కొన్నిచోట్ల సరిగా కలపని చపాతీ పిండిలో మడతల్లాగా మెలికలు తిరిగి ఉంటాయి. ఆ మెలికలే దాని జాతకం. భూమి లోపల కిలోమీటర్ల లోతున, ఆ వేడికీ ఒత్తిడికీ రాయి మెత్తబడి పిండిలా నలిగింది. పైనున్నదంతా కోట్ల ఏళ్ల వానలకీ గాలులకీ అరిగిపోతే, లోపలున్నది ఇప్పుడు మన చెప్పుల కిందికి వచ్చింది.

ఇక మా పెద్దమ్మ మాట. ఈ శిల ఇక్కడితో ఆగదు. కర్ణాటక దాటి అనంతపురం వైపు దాకా దక్షిణాదిలో చాలా మేర నేల కింద పరుచుకుని ఉన్నది ఇదే. మన రాయలసీమ ఊళ్లలో కనపడే బండల్లో చాలావాటికి దీనితో చుట్టరికం ఉంది. ఆవిడ జియాలజీ చదవలేదు. చిన్నప్పుడు అలాంటి బండ మీద వడియాలు పెట్టింది, చింతపండు ఎండబెట్టింది. కాలికి తెలుసు ఆవిడకి.

బండ మీద చిన్న మండపం లాంటిది ఉంటుంది, కెంపెగౌడ గోపురం. బెంగుళూరు కట్టిన కెంపెగౌడ వంశం వాళ్లు ఊరికి నాలుగు దిక్కులా నాలుగు గోపురాలు నిలిపారంటారు. ఒకటి ఇక్కడ, ఒకటి కెంపాంబుధి చెరువు దగ్గర, ఒకటి అలసూరు చెరువు దగ్గర, ఒకటి మేఖ్రీ సర్కిల్ దగ్గర. ఊరు ఈ హద్దుల దాకా పెరుగుతుందని అప్పట్లో అనుకున్నారట. ఇప్పుడు మీలో సగం మంది ఆ హద్దు దాటి ఇరవై కిలోమీటర్ల అవతల అపార్ట్‌మెంట్ కొనుక్కుని, ఇక్కడికి రెండు గంటలు ట్రాఫిక్‌లో వచ్చారు. అన్నట్టు ఆ కెంపెగౌడ తెలుగులో యక్షగానం రాశాడని కూడా చెబుతారు. పక్కింటి కన్నడం వాళ్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

సరే, తోటలోకి వద్దాం.

1760లో హైదర్ అలీ దీన్ని మొదలుపెట్టాడు. అప్పుడు 40 ఎకరాలు, ఇప్పుడు 240. ఆయనకి శిరాలో ఉన్న మొగలాయి తోట నచ్చింది, దాని తీరులో ఇక్కడ వేయించాడు. శిరా అంటే ఎక్కడో కాదు, మన మడకశిర నుంచి బస్సెక్కితే గంట దారి. దక్షిణాన మొగలుల సుబాకి అది కేంద్రంగా ఉండేది. ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండ్ వైద్యుడు టిప్పు చనిపోయిన మరుసటి ఏడు, 1800లో వచ్చి ఈ తోట చూసి రాసిపెట్టాడు. నలుచదరపు మడులు, వాటి మధ్య నడక దారులు, దారుల పక్కన సైప్రస్ చెట్లు. ఒక మడి నిండా గులాబీలే, ఇంకో మడి నిండా దానిమ్మలే. ఏ రకానికి ఆ రకం వేరుగా పెట్టడం ఇక్కడి పద్ధతి అని గమనించాడు. ఎర్ర గులాబీల వల్లే లాల్‌బాగ్ అనే పేరు వచ్చిందని చాలామంది చెప్పే మాట.

టిప్పు దూరదేశాల నుంచి విత్తనాలూ మొక్కలూ తెప్పించేవాడు. ఆయన కాలం నాటిదని చెప్పే మామిడి చెట్టు ఇప్పటికీ ఉంది. కానీ సుల్తాను తెప్పిస్తే చాలదు కదా, నీళ్లు పోసేవాళ్లు ఉండాలి. ఈ ఊళ్లో తోటపని అంటే తిగళులు. తరాలుగా పూలు, కూరగాయలు పండించిన కులం. లాల్‌బాగ్ మట్టిలో వాళ్ల చెమట చాలా ఉంది. చైత్ర పౌర్ణమికి ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ ఉత్సవం బయలుదేరుతుంది చూడండి, ద్రౌపదమ్మ పేరిట, అది వాళ్లదే. ఈ ఊళ్లో ఉంటూ కరగ చూడనివాళ్లు ఉంటే అదీ ఒకసారి చూడండి. రాత్రంతా మేలుకోవాలి, అది వేరే కథ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. సుల్తాన్ల తోటని కంపెనీవాడు ఎందుకు ఉంచాడు? కోట పడగొట్టినవాడికి గులాబీల మీద అంత ప్రేమా? కాదండీ. వాడికి మొక్క అంటే డబ్బు. కాఫీ, రబ్బరు, మలేరియా మందునిచ్చే సింకోనా, పరాయి దేశపు కూరగాయలు, కలపనిచ్చే చెట్లు... ఏది ఈ నేలలో బతుకుతుంది, ఏది లాభం తెస్తుంది అన్నది తేల్చుకోవడానికి ఒక చోటు కావాలి. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. మరీ చలి కాదు, మరీ ఎండ కాదు. ఇంగ్లండు క్యాబేజీ బతుకుతుంది, బ్రెజిల్ చెట్టూ బతుకుతుంది. హ్యూ క్లెగ్‌హార్న్ అనే వృక్షశాస్త్రవేత్త సలహా మీద 1856లో దీన్ని ప్రభుత్వ బొటానికల్ గార్డెన్‌గా మార్చారు. లండన్ దగ్గరి క్యూ అనే బొటానికల్ తోటలో తయారైన మనుషుల్ని పిలిపించారు. మొదట విలియం న్యూ, తర్వాత 1874లో జాన్ కామెరాన్.

కామెరాన్ ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నాడు. తోటని పెంచి, ఇందాక చెప్పిన బండని కూడా అందులో కలిపింది ఆయన కాలంలోనే. ఆయన తెప్పించిన మొక్కల జాబితా చదివితే మీకు నిద్రొస్తుంది. అందులోంచి ఒక్కటే చెబుతాను. అది మీ ఫ్రిజ్‌లో ఉంది.

బెంగుళూరు వంకాయ.

చిన్నప్పుడు మనందరం అనుకున్నదే కదా, బెంగుళూరు నుంచి వచ్చింది కాబట్టి బెంగుళూరు వంకాయ అని. తీరా ఈ ఊరొచ్చాక కూరగాయల బండివాణ్ణి ఆ పేరుతో అడిగితే మన మొహం చూస్తాడు. ఇక్కడ దాన్ని సీమె బదనెకాయి అంటారు. సీమ అంటే విదేశం. తెలుగులో కూడా ఆ వాడుక ఉంది. సీమచింత అంటాం, అది కూడా మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్టే. మన రాయలసీమలో సీమ అది కాదు, కంగారుపడకండి. (నవ్వులు) అంటే బెంగుళూరు వాళ్లకి అది పరదేశపు వంకాయ, మనకి బెంగుళూరు వంకాయ. మెక్సికో, మధ్య అమెరికాల్లో పుట్టిన తీగ కామెరాన్ కాలంలో లాల్‌బాగ్‌లో దిగింది. తోటలోంచి చుట్టుపక్కల పొలాలకి, పొలాల నుంచి సంతలకి, అక్కణ్ణించి రైల్లోనో లారీలోనో మన ఊళ్లకి వచ్చింది. ఎక్కడ పుట్టిందో మనకి పట్టలేదు, ఏ ఊరి నుంచి వచ్చిన బస్తాలో దిగిందో ఆ పేరే పెట్టేసుకున్నాం.

ఈసారి కోసేటప్పుడు కాస్త చూడండి. వంకాయకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇది సొర, దోస, గుమ్మడి కుటుంబం. పైన ముడతలు, లేత ఆకుపచ్చ, జామకాయ ఆకారం. తొక్క తీస్తే చేతికి జిగురు అంటుకుని, ఆరాక వేళ్ల తోలు ఊడుతున్నట్టు ఉంటుంది. వంట చేసేవాళ్లకి తెలుసు, అందుకే నీళ్లలో పెట్టి చెక్కుతారు. మధ్యలోకి కోస్తే బద్దలాంటి ఒకే ఒక్క గింజ. ఆ గింజని విడిగా తీసి నాటడం కుదరదు. కాయకి కాయే విత్తనం. వంటింటి గూట్లో పది రోజులు మర్చిపోండి, అడుగు నుంచి నోరు తెరిచినట్టు తెరుచుకుని మొలక బయటికొస్తుంది. ఆ కాయని ఉన్నపళాన మట్టిలో సగం పాతితే తీగ లేస్తుంది. సముద్రాలు దాటి రావడానికి ఇంతకంటే వాటమైన సరంజామా ఇంకేం కావాలి చెప్పండి.

కాబట్టి నా మాట ఏమిటంటే, లాల్‌బాగ్‌ని పార్కులాగా చూడకండి. అదొక రేవు. ఓడలు లేని రేవు. మన వంటింటికి, మన వీధికి, ఆఖరికి మన దేవుడి గూటికి కూడా ఎన్నో సరుకులు అక్కడా, అలాంటి తోటల్లోనూ దిగి వచ్చాయి.

దేవుడి గూడు అన్నాను కదా, ఎవరో కనుబొమలు ఎగరేశారు. నాగలింగం పువ్వు తెలుసుగా? మధ్యలో లింగంలాగా, పైన పడగ పట్టినట్టు ఉంటుంది. వాసన కమ్మగా ఉంటుంది. శివాలయాల్లో ఈ చెట్టు ఉంటుంది, పువ్వు శివుడికి పెడతారు, పురాణకాలం నుంచీ ఉన్న చెట్టని మా నాయనమ్మ నమ్మేది. ఆ చెట్టు దక్షిణ అమెరికాది. గయానా ప్రాంతపు అడవుల్లో దాని పుట్టిల్లు. కొమ్మలకి కాకుండా మాను చుట్టూ పాముల్లా వేలాడే తీగల్లాంటి కాడలకి పూస్తుంది. కాయ ఫిరంగి గుండంత ఉంటుంది, ఇంగ్లీషులో దాని పేరే అది. లాల్‌బాగ్‌లో ఉంది, చూడండి. చూస్తే కాయ కింద మాత్రం నిలబడకండి. పడి పగిలిందంటే తల సంగతి తర్వాత, ఆ కంపు ముందు భరించలేరు. ఈ మాట చెప్పి నేను ఎవరి భక్తినీ తగ్గించడం లేదు. ఎక్కడి నుంచో వచ్చిన పువ్వుని శివుడికి పెట్టేసుకుని, మనదే అనుకున్నాం చూడండి, అది నాకు నచ్చుతుంది.

గాజిల్లు గురించి ఎక్కువ చెప్పను, అందరూ చూసిందే. 1889 నవంబరు 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ తీరు. పోత ఇనుము సామానంతా గ్లాస్గోలోని సరసెన్ ఫౌండ్రీ నుంచి వచ్చింది. జనం లేని రోజున వెళ్లి మధ్యలో నిలబడి పైకి చూడండి. ఇనప స్తంభాల మీద లతలు పోతపోసి ఉంటాయి. ఫ్లవర్ షోలో పైకి చూడడానికి వీలుండదు, వెనకాల వాళ్లు ముందుకి నెడతారు.

కామెరాన్ తర్వాత 1908లో వచ్చినవాడు క్రుంబీగల్. జర్మన్. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పుట్టి, క్యూ తోటలో పనిచేసి, బరోడా మహారాజు కొలువులో ఉండి, మైసూరు వచ్చాడు. లాల్‌బాగ్ పక్కనే ఆయన పేరు మీద రోడ్డుంది. ఆటోవాళ్ల నోట్లో ఆ పేరు ఎన్ని విధాలుగా పలుకుతుందో వినడానికైనా ఒకసారి అటువైపు ఆటో ఎక్కాలి. కృష్ణరాజసాగర్ దగ్గరి బృందావన్ తోటల వెనక ఉన్నది కూడా ఈయనే. ఈయన ఆలోచన ఒకటి చెబుతాను, నాకు చాలా ఇష్టం. ఊరి వీధుల్లో చెట్లు పెట్టేటప్పుడు ఒక చెట్టు పూత అయిపోయే వేళకి ఇంకో చెట్టు అందుకోవాలన్నాడు. ఏడాది పొడుగునా ఏదో ఒక వీధి పూసి ఉండాలి. ఆయన మొదలుపెట్టినదానికి తర్వాత వచ్చినవాళ్లు కూడా చేర్చుకుంటూ పోయారు. అందుకే జనవరి, ఫిబ్రవరిలో గులాబీరంగు టబెబుయా, మార్చిలో ఊదారంగు జకరండా, ఏప్రిల్, మే నెలల్లో ఎర్ర తురాయి. మీరు ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని కిటికీలోంచి ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటారే, ఆ చెట్లు వాటంతటవే మొలవలేదు. ఒకడు కాగితం మీద లెక్కేసి పెట్టించాడు. ఈయన మళ్లీ జర్మనీలో స్థిరపడలేదు. 1956లో ఈ ఊళ్లోనే పోయాడు.

ఆ తర్వాత మన మనుషులే నడిపారు. జవరాయ, ఆ పిమ్మట మరిగౌడ. తోట పక్కన ఒక రోడ్డుకి డాక్టర్ మరిగౌడ పేరు పెట్టారు. తోట గోడల మధ్య తోటమాలిగా ఉండిపోకుండా రైతుల దాకా వెళ్లినవాడు ఆయన. కర్ణాటక అంతటా ఉద్యాన క్షేత్రాలు, నర్సరీలు పెట్టించాడు. మీ వీధి చివర పచ్చరంగు హాప్‌కామ్స్ కొట్టు ఉంటుంది కదా, పళ్లూ కూరగాయలూ అమ్మేది. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైన ఆ ఏర్పాటు వెనక ఉన్నది మరిగౌడే. అందులో బెంగుళూరు వంకాయ కొనేటప్పుడు కామెరాన్‌నీ మరిగౌడనీ ఒకే సంచిలో వేసుకుని ఇంటికి తెస్తున్నారన్నమాట.

ఏమన్నారు? గట్టిగా చెప్పండమ్మా. ఆ, "పిల్లలకి చూపించడానికి ఏముంది, రాయీ రప్పా అంటే వాళ్లకి బోరు కదండీ" అంటున్నారు. మంచి ప్రశ్న. పిల్లల్ని బూరుగు చెట్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎవర్నడిగినా చూపిస్తారు. రెండొందల ఏళ్లు దాటిందని చెబుతారు. మాను మొదట్లో వేళ్లు గోడల్లాగా, పలకల్లాగా లేచి ఉంటాయి, ఒక్కో పలక మనిషెత్తు. రెండు పలకల మధ్య నలుగురు పిల్లలు దాక్కోవచ్చు. ఇది మన అడవుల్లో ఎర్రగా పూసే కొండ బూరుగు కాదు, దీన్ని తెల్ల బూరుగు అంటారు. మన ఇళ్లలో దిండ్లలో కూరే దూది ఉంటుందే, తలకి చల్లగా ఉంటుందని పెద్దవాళ్లు అనేవారు, ఆ దూది ఇలాంటి చెట్టుదే. పిల్లలకి దిండు చెట్టు అని చెప్పండి చాలు.

ఇంకోటి, రాయైపోయిన చెట్టు. తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చిన శిలాజ మాను. రెండు కోట్ల ఏళ్ల నాటిది. తాకితే రాయి, చూస్తే కర్ర. బెరడు గీతలు అలాగే ఉంటాయి. ఇందాకటి బండ ముందు ఇది నిన్నటి పసిపాప అని చెబితే పిల్లలకి ఆ 300 కోట్లు కాస్త అర్థమవుతుంది. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ 1961లో వచ్చి నాటిన చెట్టు కూడా ఉంది. క్రిస్మస్ ట్రీ అంటారు గానీ, అది పసిఫిక్ దీవుల అరకేరియా. పెద్దగా చూసేదేమీ లేదు. పొడుగ్గా ఉంటుంది.

ఇక్కడ ఒక్క నిమిషం కాస్త సీరియస్‌గా మాట్లాడతాను. 2009లో మెట్రో కోసం లాల్‌బాగ్ ప్రహరీగోడ ఒక పక్క పడగొట్టినప్పుడు జనం వచ్చి అడ్డం నిలబడ్డారు. ముసలివాళ్లు, కాలేజీ పిల్లలు. మెట్రో వచ్చింది, ఇవాళ మనం లాల్‌బాగ్ స్టేషన్లో దిగే వెళుతున్నాం, నేనూ అంతే. 2025లో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా సొరంగ రోడ్డు అన్నప్పుడు లాల్‌బాగ్ స్థలం మాట మళ్లీ వచ్చింది, మళ్లీ జనం కదిలారు. ట్రాఫిక్ కష్టం నాకు తెలియక కాదు. ఇందాక మిమ్మల్ని చూసి నవ్వాను గానీ నేనూ గంటన్నర కూర్చునే వచ్చాను. కానీ ఆ రెండుసార్లూ అడ్డం నిలబడినవాళ్లలో మన తెలుగువాళ్లు ఎంతమంది అని నన్ను నేను అడుగుకుంటే, నేను మాత్రం లేను. 2009లో నేను ఊళ్లోనే ఉన్నాను. పేపర్లో చదివి, పేజీ తిప్పేశాను. అప్పటికి నాకు అది ఫ్లవర్ షో జరిగే చోటు మాత్రమే. ఏమిటో తెలియని దాని కోసం ఎవరు మాత్రం ఎండలో నిలబడతారు?

టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. పెద్దమ్మ సంగతి ముగించి దిగుతాను.

తర్వాతి ఫిబ్రవరిలో ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి మంగళవారం పొద్దున ఆరున్నరకి తీసుకెళ్లాను. చలి. శాలువా కప్పుకుంది. బండ ఎక్కలేదు, అంచున కూర్చుని అరచేత్తో రాసింది. నేను 300 కోట్లు అంటూ ఏదో చెబుతుంటే, "అన్నేండ్లయినా నున్నగా కాలేదు చూడు" అంది. టబెబుయా పూలు కింద పరుచుకుని ఉంటే తొక్కకుండా పక్కనుంచి నడిచింది. బూరుగు దగ్గర చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు మావళ్ళి టిఫిన్ రూమ్స్‌లో రవ్వ ఇడ్లీ తిన్నాం. 1924 నాటి హోటలు. యుద్ధకాలంలో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ చేసి చూశామని ఆ హోటలు వాళ్లు చెప్పుకునే కథ. ఆవిడకి ఇడ్లీ నచ్చలేదు. "ఉప్మాని ఉడకబెట్టినట్టుంది" అంది. కాఫీ నచ్చింది.

ఊరికి వెళ్లేటప్పుడు మా వంటింట్లో మొలకొచ్చిన బెంగుళూరు వంకాయ ఒకటి చీర కొంగులో చుట్టుకుని పట్టుకెళ్లింది. మెక్సికో కథ చెప్పాను కదా, ఆవిడకి పట్టేసింది. కదిరిలో బావి గట్టున పాతింది. తీగ బాగా లేచింది, పందిరంతా ఆకు. కాయ మాత్రం ఒక్కటీ లేదు. మొన్న ఫోన్లో, "ఆ చలువకి అలవాటు పడిన ముండది, ఈ ఎండకి యాడ కాస్తుందిరా" అంది. పీకేయొచ్చు కదా పెద్దమ్మా అన్నాను. "ఉండనీలే, కింద గిన్నెలు తోముకుంటాండా" అంది.

ఫిబ్రవరి రెండో వారంలో ఒక పొద్దున ఎవరైనా వస్తానంటే నేను తయారు. ఆరుకి గేటు తీస్తారు, ఆరున్నరకి మెయిన్ గేటు లోపల బండ దగ్గర ఉంటాను. ప్లాస్టిక్ సీసాలు తేకండి, స్టీలు సీసా తెచ్చుకోండి. వాన పడితే బండ జారుతుంది, గ్రిప్ ఉన్న చెప్పులు వేసుకోండి. వాచీలో అడుగులు లెక్కపెట్టుకునే ఆ ముగ్గురు కూడా రావచ్చు, కానీ మెల్లిగా నడవాలి.